గోడవారన కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. చేతులున్నదాన్ని, వీపు నిటారుగా ఉన్నదాన్ని. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక ఫొటో స్టూడియో కోసం నన్ను చేయించారు. పిల్లలు ఎక్కి గెంతినా ఒరగకూడదని వడ్రంగి నా కాళ్ళను కాస్త ఎడంగా బిగించాడు. అక్కడ నా మీద కూర్చున్నవాళ్ళకంటే నా వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డవాళ్ళే ఎక్కువ. ఫొటోగ్రాఫర్ కదలొద్దనగానే ఊపిరి బిగబట్టి, గడ్డం ఎత్తి, బిగుసుకుపోయేవారు. ఫొటో అయిపోగానే నడుం పట్టుకునేవారు. తమకు నిటారుగా నిలబడడం వచ్చని చూపించుకోవడానికి మనుషులు ఊళ్ళు దాటి రావడం నాకు వింతగా తోచేది.

ఆ స్టూడియో తెరల మీద తోటలూ మేడమెట్లూ వెన్నెలా గీసిన మనిషి రాజేశం. స్టూడియో మూతపడినప్పుడు యజమాని నన్ను ఆయనకిచ్చాడు. అలా వరంగల్లులోని ఆయన ఇంటికి చేరాను. ఆయన భార్య భూదేవి. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ఇంటి రెండో సగంలో ఆయన తమ్ముడి భార్య సరోజన ఉండేది. అన్నదమ్ములిద్దరూ పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఈ ఏరాండ్లే. తోడికోడళ్ళను ఇక్కడ అలా అంటారు.

ఇద్దరికీ మాటలు లేవు. సరోజన భర్త దినం నాడు వంటల దగ్గర ఏదో మాటకు మాట పెరిగింది. ఆ మాటేమిటో వాళ్ళిద్దరికీ గుర్తుందో లేదో అనుమానమే. మధ్య గోడకు చెరోవైపు చెరో పొయ్యి వెలిగేది. నల్లాలో నీళ్ళు వస్తున్నాయనో, గ్యాస్ బండి వచ్చిందనో చెప్పవలసివస్తే పాలబ్బాయితో చెబుతున్నట్టు గట్టిగా చెప్పుకునేవారు. పాపం, అతను ఇద్దరికీ తల ఊపేవాడు. రాజేశం పోయాక నా మీద ఎవరూ కూర్చోలేదు. ఉతికిన బట్టలు కుప్ప పోయడానికి పనికొచ్చాను.

ఒక చలికాలం భూదేవికి న్యుమోనియా పట్టుకుంది. గోడ అవతలి నుంచి ఆ దగ్గు విని విని, చివరికి సరోజనే లోపలికి వచ్చింది. నుదురు ముట్టుకుని చూసి, ఇంకేమీ అడగకుండా ఆటో పిలిచి దవాఖానాకు తీసుకుపోయింది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ కలిసే తిరిగివచ్చారు. జబ్బు వచ్చింది ఊపిరితిత్తులకు, తీసుకుపోయింది మాత్రం కాళ్ళను. ఇల్లంతా తనే కడిగి ముగ్గు పెట్టుకునే భూదేవికి ఇప్పుడు స్నానాల గది గడప దాటబోతే మోకాళ్ళు మడత పడిపోయాయి. వెనకే ఉన్న సరోజన పట్టుకోబట్టి సరిపోయింది.

ఆ రోజునుంచి సరోజన ఆమెను నేలమీద కాలు పెట్టనివ్వలేదు. అన్నం మంచం దగ్గరికే. స్నానం సరోజన చేతిమీదే. నీళ్ళు పోస్తున్నంతసేపూ భూదేవి ఎటో చూస్తూ ఉండేదని సరోజనే ఒకసారి పక్కింటావిడతో బాధగా చెప్పింది. తలకు నూనె రాసేటప్పుడు మాత్రం ఇద్దరి మధ్యా మాటలు సాగేవి. చిన్నప్పటి సంగతులు, పెళ్ళినాటి సంగతులు. ఒక్కోసారి నవ్వు కూడా వినపడేది.

ఒకరోజు నస్రీన్ వచ్చింది. ఫిజియోథెరపిస్టు; దవాఖానా నుంచి వెళ్ళిన ముసలివాళ్ళను ఇళ్ళకు వచ్చి చూస్తుంది. గది నాలుగువైపులా చూసి నా మీది బట్టలు తీసేసింది. నన్ను ఊపి చూసి, జారకుండా వీపును గోడకు ఆనించి పెట్టింది. భూదేవిని కూర్చోబెట్టి, నా చేతులు పట్టుకుని లేవమంది.

ఆ మొదటిసారి ఆమె చేతుల వణుకు నా చెక్కలోకి పాకింది. సగం లేచి కూలబడింది. సరోజన ఒక్క అంగలో ముందుకు వచ్చింది.

"చాలు బిడ్డా, చాలు. పడితె మల్ల ఎముకలిరుగుతయ్. ఆమెకేం గావాలన్నా నేన్జేస్త గద."

దవాఖానా నుంచి వచ్చిన కొత్తలోనే పెద్దవాళ్ళు ఎక్కువగా పడతారని నస్రీన్ నెమ్మదిగా చెప్పింది. పడుకుని పడుకుని తొడల్లో బలం పోతుందట. పడతామన్న భయంతో ఇంకా పడుకుంటే ఉన్నదీ పోతుందట. లేవడం, కూర్చోవడం, పక్కన నిలబడి నా వీపు పట్టుకుని మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడడం, గోడ పట్టుకుని పక్కకు అడుగులు వెయ్యడం. రోజూ కొంచెం కొంచెంగా చెయ్యమని చెప్పి వెళ్ళింది.

ఆమె వెళ్ళగానే సరోజన బట్టలు తెచ్చి మళ్ళీ నా మీద పెట్టింది. మడత పెట్టినవాటినే విప్పి మళ్ళీ మడత పెట్టింది. సేవ చేసేవాళ్ళకూ ఒక భయం ఉంటుంది. భూదేవి లేచి తిరిగితే మళ్ళీ ఎవరి పొయ్యి వాళ్ళదే, ఎవరి గోడ వాళ్ళదే.

మర్నాడు సరోజన వంటింట్లో ఉండగా భూదేవి మంచం మీంచి చెయ్యి చాపి, ఒక్కొక్క బట్టే తీసి పక్కన పెట్టుకుంది. సరోజన వచ్చి చూసింది. చెయ్యి పట్టి నా మీద కూర్చోబెట్టింది.

అలా మొదలైంది. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు మొదటికి వచ్చేది. విసుగొచ్చి నన్నే తిట్టేది. వేసవి వచ్చేసరికి నా చేతుల మీద ఆమె మోపే బరువు తగ్గింది. నాకు అందరికంటే ముందు తెలిసింది.

ఒక మధ్యాహ్నం సరోజన రేషన్ దుకాణానికి వెళ్ళింది. భూదేవి గోడ పట్టుకుని నడుస్తోంది. వీధిలో ఎవరో పిలిచినట్టనిపించి గబుక్కున తిరిగింది. చీర అంచు కాలికి చుట్టుకుంది. పడిపోయింది.

సరోజనను పిలిచింది. మళ్ళీ పిలిచింది. కాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయింది. నా కాళ్ళకు నడక లేదు. ఉంటే ఆ రోజు నడిచేదాన్ని. తర్వాత ఆమె మెల్లగా చేతులు కదిపింది, కాళ్ళు కదిపింది. పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, మోకాళ్ళ మీద పాకుతూ నా దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ నా మీద ఆనించింది. ఒక పాదం నేలకు మోపింది. నా వీపు గోడకు గట్టిగా ఒత్తుకుంది. ఆ తొడలు వణికాయి, కానీ వదిలెయ్యలేదు. లేచింది. తిరిగింది. కూర్చుంది.

చీరకంటిన దుమ్ము దులిపేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. దులపలేదు. సరోజన రాగానే చెప్పింది.

"పడ్డ. మల్ల నేనే లేచిన."

సరోజన చేతిలోని సంచీ పక్కన పెట్టి నేలమీద కూర్చుండిపోయింది. రేపటినుంచి మంచం దిగొద్దంది. తన కళ్ళముందు లేనప్పుడు ఎందుకు నడిచావని ఏడ్చింది. భూదేవి ఆ ఏడుపు ఆగేదాకా ఊరుకుంది.

"ఇన్నొద్దులు లెవ్వకుంట పండుకుంటె, ఇయ్యాల నువ్వొచ్చేదాంక నేలమీదనే ఉంటుంటి," అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "నేను తిరిగితె మనం మల్ల పాలపిలగానితోని మాట్లాడుకోవాలె అనేనా నీ భయం?"

సరోజన కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"యాడికి పోకు. నా పక్కన నిలబడు. పట్టుకోకు, నిలబడు."

మర్నాడు నస్రీన్ వచ్చి మోచెయ్యీ తుంటీ జాగ్రత్తగా చూసింది. చీర కాస్త ఎత్తి కట్టుకోమంది, ఎవరైనా ఉన్నప్పుడే నడవమంది. వెళ్ళబోతూ సరోజనను కూడా ఒకసారి నా మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవమంది. అంతకాలం ఇంకొకరిని మోసిన సరోజన లేవలేకపోయింది. భూదేవి నవ్వు ఆపుకోవడానికి చాలా తంటాలు పడింది. ఆ తర్వాత ఇద్దరికీ నేనే దిక్కయ్యాను. గోడ అవతల పొయ్యి వెలగడం మానేసింది.

మరుసటి ఎండాకాలం సరోజన మంథనిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేముందు గడప దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చింది. పక్కింటావిడకు అప్పజెప్పిందే మళ్ళీ అప్పజెప్పింది. రోజూ పొద్దున్నే ఫోను చేసేది.

ఒకరోజు ఆ ఫోనులో చాలాసేపు మాటలు సాగాయి.

"కూసుండి మాట్లాడుతున్నవా, నిలబడా?" అని సరోజన అడిగింది.

"నిలబడే."

"దేన్నన్న పట్టుకున్నవా?"

"ఫోన్ పట్టుకున్న."

సరోజన, అయితే ఇంకొన్ని రోజులు ఉండి వస్తానంది. ఉండి రమ్మంది భూదేవి.

ఫోను పెట్టేశాక కాసేపు అలాగే నిలబడింది. ఇల్లు బోసిగా ఉన్నట్టు ఆమెకూ అనిపించినట్టుంది. చీర అంచు చూసుకుని, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్ళింది. ఎటు వెళ్ళిందో నాకు తెలియదు. వీధి సంగతులు కుర్చీలకు తెలియవు. ఆమె తిరిగి వచ్చేసరికి మాత్రం ఎండ గడప ఎక్కింది, ఆమె కొంగు నిండా చింతచిగురు ఉంది.