గంజి పెట్టిన మాస్కు

పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే చేతులు ఒకచోట నిలవలేదు. కుడిచెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. గోకితే మంట, గోకకపోతే దురద. పూజలో మనసు నిలవకపోవడం తప్పంటారు. చెంప ఇలా మండుతుంటే ఎక్కడ నిలుస్తుంది?

నేను బిస్కెట్ల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ గదిలో పనిచేస్తాను. లోపలికి వెళ్లింది మొదలు బయటికి వచ్చేదాకా మూతికి మాస్కు ఉండాల్సిందే. ముఖం మీద పుండ్లున్నవాళ్లని ఆ గదిలోకి రానివ్వరు. నెలాఖరుకి నన్ను పర్మనెంటు చేస్తామన్నారు. అందుకే, భోజనాలప్పుడు మాస్కు తీసినా నా పుండ్లు కనపడకుండా పౌడరు దట్టించి నెట్టుకొస్తున్నాను.

"ఏమే, పెళ్లిచూపులా? అంత పౌడరు కొట్టావు!" అంది నా పక్కన పనిచేసే పొట్టక్క.

"మాస్కు లోపల ఎవరు చూస్తారక్కా?"

"అదే అడుగుతున్నా. చూసేవాళ్లు లేనప్పుడు సోకెందుకని."

నవ్వాను. మాస్కు అంచు పుండుకి ఒరుసుకుని కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కకి విషయం అర్థమైంది. సాయంత్రం చెయ్యి పట్టుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ నా మాస్కు నలిపి చూసింది.

"ఇదేంటమ్మా, అట్టలా ఉంది?"

"మా ఆయన దర్జీ అండి. తనే కుట్టి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇస్తారు."

"మాస్కుకి గంజా!" ఆవిడ నవ్వాపుకుంది. "నీ ఊపిరి తడికి ఆ గంజి కరిగి చెంపకి అంటుకుంటోంది. బిరుసు అంచు ఒరుస్తోంది. పైగా పౌడరు. చర్మం మాత్రం ఏం చేస్తుంది, పాపం? రెండూ మానెయ్. మెత్తటి నూలు మాస్కు పెట్టుకో, తడిసినప్పుడల్లా మార్చుకో. పూత మందు రాసిస్తాను. తగ్గేదాకా చెంపకి గాలి తగలనివ్వు."

గాలి తగలాలంటే ఆ గదికి దూరంగా ఉండాలి. ఉంటే ఉద్యోగం?

ఇంటికొచ్చేసరికి మా ఆయన మర్నాటి మాస్కు ఇస్త్రీ చేస్తున్నారు. "చూడు, మడత కత్తిలా ఉంది!"

"ఏమండీ, గంజి వద్దట. పుండ్లు దానివల్లేనట."

ఆయన చెయ్యి ఆగిపోయింది. "మెత్తగా ఉంటే ముక్కుకి అతుక్కుని నీకు ఊపిరాడదని..." తర్వాత గొంతు పెంచారు. "ఇన్నాళ్లూ చెప్పవేం?"

"మీరు ముచ్చటపడి ఇస్తుంటే నోరు రాలేదు."

"ముచ్చట తగలెయ్య!" అంటూ మాస్కులన్నీ బకెట్లో పడేశారు. జాడించి జాడించి నీళ్లు మారుస్తూనే ఉన్నారు.

మర్నాడు పౌడరు డబ్బా చేతిలోకి తీసుకున్నాను. ఇంకొక్క పూట వేసుకుంటే ఏం పోతుంది? కానీ ఆ బిస్కెట్లు తినేది పసిపిల్లలు. డబ్బా పక్కన పెట్టేశాను. ప్యాకింగ్ గది గుమ్మం దగ్గర సూపర్‌వైజరమ్మ ముందు నేనే మాస్కు తీశాను.

ఆవిడ చూసి నిట్టూర్చింది. "లోపలికి రాకు. తగ్గేదాకా అట్టపెట్టెల గదిలో పని చెయ్యి."

"మరి పర్మనెంటు సంగతి మేడమ్?"

"మేనేజరుగారిని అడుగుతాను. మాటివ్వలేను."

అట్టపెట్టెల గదిలో మాస్కు అక్కర్లేదు. ఫ్యాను గాలికి చెంప చల్లబడుతోంది, గుండె మాత్రం కుదురుకోవడం లేదు. స్వామీ, నిజం దాచొద్దన్నావు, దాచలేదు. నెలాఖరున నా పేరు పిలిచేటట్టు చూస్తావా? గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు వినపడ్డప్పుడల్లా పెట్టె మడవడం ఆపి తల ఎత్తుతున్నాను. ఇంకా ఎవరూ రాలేదు.