లోతు సంచి

బస్టాండు వెనక సందులో, మెట్ల కింద ఇరుకు గదిలో ఒకాయన సంచులు కుట్టేవాడు. బడిపిల్లల సంచులు, ప్రయాణాల సంచులు, తెగిన పట్టీలు, నోరు తెరిచాక మూసుకోనని మొండికేసిన జిప్పులు, అన్నీ ఆయన మిషను ముందుకే వచ్చేవి. అందరికీ ఆయన సంచులాయనే. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిచినా, పక్కవాడినేమో అనుకుని పనిలో పడిపోయేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. అమ్మడూ అని పిలిచేవాడు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకింకా పాలపళ్ళు ఊడలేదు. జ్వరానికి తడిగుడ్డ వేయడం దగ్గర్నుంచి జడ వేయడం దాకా అన్నీ ఆయనే నేర్చుకుని చేశాడు. జడ మాత్రం సంచి పట్టీ బిగించినట్టు బిగించేవాడు.

"నాన్నా, కళ్ళు పైకి లాగేస్తున్నాయి" అని ఆ పిల్ల ఏడిస్తే, "ఊడదు కదా" అనేవాడు. ఆయనకు తెలిసిన గొప్ప అదొక్కటే. తను బిగించింది ఊడకూడదు.

ఆ అమ్మడు పెద్దదై, బట్టల షాపులో పనికి కుదిరి, లారీ తోలే కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. అల్లుడు నెలలో సగం రోజులు రోడ్డు మీదే. అందుకని కడుపుతో ఉందని తెలియగానే తండ్రి దగ్గరికి వచ్చేసింది. మెట్ల పైన రెండు గదులు, మెట్ల కింద మిషను.

ఎదురుగా ఇస్త్రీ బల్ల పెట్టుకున్నావిడ ఉండేది. అమ్మడు ఆవిణ్ణి పిన్నీ అంటుంది కాబట్టి, ఆవిడ సంచులాయన్ని బావగారూ అనేది. ఆ వరస అడ్డం పెట్టుకుని ఆయన్ని ఆటపట్టించని పూట లేదు.

"అమ్మడూ, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటున్నావా?"

"ఆ, పిన్నీ."

"రక్తానికిచ్చిన మాత్రలు వేసుకుంటున్నావా, దాచుకుంటున్నావా?"

"వేసుకుంటున్నానే! కావాలంటే డబ్బా చూడు."

"మరి పొద్దున నీళ్ళ బకెట్టు నువ్వెందుకు ఎత్తావు? మీ నాన్నకి చేతుల్లేవా? బావగారూ, మిమ్మల్నే. మిషను చప్పుడులో వినపడనట్టు ఉండకండి."

సంచులాయన చూపు సూది మీద ఉండేది, చెవులు మాత్రం సందు దాటి ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేవి. మర్నాటినుంచి బకెట్టు ఆయనే ఎత్తేవాడు. కానీ పాదాలు వాస్తే ఏం చేయాలి, బిడ్డ కదలడం తగ్గితే ఎప్పుడు పరిగెత్తాలి, పాలు పడకపోతే ఎవర్ని అడగాలి, ఇవేవీ ఆయన నోటికి వచ్చే మాటలు కావు. వచ్చినా తండ్రి కూతురితో ఎలా అంటాడు? అమ్మ ఉంటే చెప్పేది కదా అని ఆ పిల్ల ఒక్కసారి కూడా అనుకోకూడదు. ఆయనకున్న ఆశల్లా అదే. ఆ లోటు ఎలా పూడ్చాలో తెలియక లోలోపల కొట్టుమిట్టాడేవాడు.

అలాంటప్పుడు ఒక సాయంత్రం అమ్మడు షాపు నుంచి వస్తూనే మెట్ల మీద కూలబడింది.

"నాన్నా, ఇవాళ ఒకావిడ వచ్చింది. బిడ్డని గుండెకి కట్టుకుంది, సంచిలో వేసుకుని. రెండు చేతులూ ఖాళీ. హాయిగా బట్టలు బేరం చేసుకుంటోంది. నేనూ అలాంటిదొకటి కొనుక్కుంటా."

మిషను ఆగిపోయింది. "కొనడమేంటే? ఇంట్లో నేను పెట్టుకున్నది ఏంటి, పిండిమరా?"

"నువ్వు కుడతావా?"

"సంచే కదే!"

అదీ ఆయన పొరపాటు. సంచే కదా అనుకున్నాడు.

ఆ రాత్రి నుంచీ ఆయనకి వేరే ధ్యాస లేదు. ఉన్నవాటిలో గట్టి కాన్వాసు తీశాడు. లోపలికి మెత్తని నూలుగుడ్డ వేశాడు. పట్టీలకి మూడు వరసల కుట్టు. బస్టాండు పక్కన బతికినవాడు, జేబుదొంగల సంగతీ వానల సంగతీ బాగా తెలిసినవాడు. ఆయన చేతిలో సంచి అంటే లోపలిది జారకూడదు, తడవకూడదు, పైకి కనపడకూడదు. అందుకని లోతుగా కుట్టాడు. నోటి దగ్గర నాడా పెట్టాడు. ఎండ తగలకుండా పైన ఒక మూత కూడా పెట్టి, దానికి గుండీలు కుట్టాడు.

పరీక్ష కూడా పెట్టాడు. పసిబిడ్డంత బరువు ఇసుక మూట కట్టి, సంచిలో దించి, తన గుండెకే తగిలించుకుని సందు చివరిదాకా నడిచాడు. సందంతా నవ్వే.

"ఏం బావగారూ, మీకెన్నో నెల?" అంది ఇస్త్రీ పిన్ని.

"నెలలు నిండే ఉన్నాయి. నొప్పులొస్తే నిన్నే పిలుస్తా" అన్నాడాయన.

పిన్ని నవ్వు ఆపుకుని దగ్గరికొచ్చింది. సంచి నోట్లోంచి లోపలికి తొంగిచూసింది. "లోపల బిడ్డ ఉన్నట్టే తెలియడం లేదు బావగారూ. కాస్త లోతు ఎక్కువైందేమో?"

"లోపల ఉన్నది పైకి తెలిస్తే అది సంచేంటమ్మా, పళ్ళెం."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అమ్మడే నవ్వింది. "మా నాన్న కుట్టింది ఊడదు పిన్నీ, నువ్వేం బెంగపడకు" అంది. ఆ మాటకి సంచులాయన ఛాతీ అంత వెడల్పైంది. పిన్ని ఇంకేదో అనబోయి, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పాప పుట్టింది. చిన్నది, కానీ గొంతు పెద్దది. మంచం మీద పడుకోబెడితే ఒకటే ఏడుపు. తాత సంచిలో వేస్తే మాత్రం కాసేపటికే నిద్ర. చూశావా సంచి మహిమ అనుకున్నాడాయన. అమ్మడూ అలాగే అనుకుంది. పిల్లని వేసుకుని కూరగాయలకి వెళ్ళొచ్చేది, బట్టలు మడతపెట్టేది. ఎవరడిగినా, "మా నాన్న కుట్టాడు" అని పట్టీ చూపించేది. తాత మిషను మీదికి వంగి వినపడనట్టు ఉండేవాడు.

టీకా వేయించడానికి ఆసుపత్రికి వెళ్ళిన రోజు ఎండ మండిపోతోంది. బిడ్డకి ఎండ తగులుతుందని ఆయనే సంచి మూత వేసి గుండీలు పెట్టాడు. కూతురి పక్కనే నడిచాడు, పాప గుడ్డల సంచి చేత్తో పట్టుకుని. ఆసుపత్రి వరండా నిండా తల్లులు. బల్ల మీద కాస్త చోటు దొరికితే కూర్చున్నారు. అమ్మడు, "ఎంత బుద్ధిగా పడుకుందో చూడు నాన్నా" అంది.

అటుగా పోతున్న నర్సమ్మ ఆ మాట విని ఆగింది. "ఏదమ్మా బిడ్డ?" అంటూనే వంగి మూత లాగింది. లోపల పాప కిందికి జారిపోయి ముడుచుకుని ఉంది. గడ్డం గుండెకి అతుక్కుపోయింది. ముక్కు గుడ్డలో కూరుకుపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సమ్మ ఒక్క ఉదుటున పైకి తీసి, చేతుల్లో వెల్లకిలా పెట్టి, అరికాళ్ళు గట్టిగా రుద్దింది. వరండాలో తల్లులు లేచి నిలబడ్డారు. తర్వాత పాప ఒక్కసారి ఎగపీల్చి, ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపు అంత తీపిగా ఇంకెప్పుడూ వినలేదు సంచులాయన. గోడకి ఆనుకున్నాడు.

డాక్టరు చూసి, బిడ్డకేం పర్వాలేదన్నాక, నర్సమ్మకి కోపం వచ్చింది. అది భయం దిగాక వచ్చే కోపం.

"మొదటి కాన్పా?"

"అవునండీ."

"మొదటిదైతే మాత్రం? బిడ్డ మొహం కనపడాలని ఇంకొకళ్ళు చెప్పాలా? గాలెలా ఆడుతుంది అందులో? అసలీ గోనెసంచి ఎవరిచ్చారు నీకు? ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా?"

పెద్దవాడు పక్కనే ఉన్నాడు, చేతిలో గుడ్డల సంచితో. నేనే కుట్టానండీ అని మాట గొంతుదాకా వచ్చింది. వరండాలో అందరి కళ్ళూ ఇటే ఉన్నాయి. ఆ మాట అక్కడే ఆగింది.

అమ్మడు ఒక్కసారి తండ్రి వైపు చూసింది. తర్వాత తల దించుకుని, "నేనే సరిగ్గా కట్టుకోలేదండీ" అంది.

పాపని చేతుల్లోనే ఎత్తుకుని ఇంటికి వచ్చారు. సంచి తెచ్చి మెట్ల కింద పడేసి అమ్మడు పైకి వెళ్ళిపోయింది.

ఆనాటినుంచీ ఆ పిల్ల వేరే మనిషైంది. పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఆ వేలు తగిలి పాప లేచేది. పాప ఏడిస్తే తనూ ఏడ్చేది. ఎత్తుకుని గుమ్మం దాటేది కాదు. షాపువాళ్ళు ఎప్పుడొస్తావని కబురు పంపితే, రానని చెప్పేసింది. అల్లుడు వచ్చి రెండురోజులుండి, ఏమీ అర్థంకాక మళ్ళీ లారీ ఎక్కాడు.

"కాసేపు నాకివ్వవే, నువ్వు కునుకు తియ్యి" అనేది పిన్ని.

"వద్దు పిన్నీ."

"ఏం, నేను పిల్లల్ని పెంచలేదా?"

"నువ్వు పెంచావు. నాకే చేతకాదు."

ఆ మాట కిందికి వినపడేది. నాకే చేతకాదు. సంచులాయన మిషను ఆపి, సూదిలో ఉన్న దారాన్నే తీసి మళ్ళీ ఎక్కించేవాడు. ఇవాళ చెప్తా అనుకునేవాడు. మెట్లు ఎక్కేవాడు. పైకి వెళ్ళాక, "అన్నం తిన్నావా?" అని అడిగి దిగేవాడు. ఏం చెప్పాలి? తప్పు నాదే అంటే, అప్పుడెందుకు నోరు విప్పలేదని అడుగుతుంది. అడగకపోతే ఇంకా కష్టం.

చివరికి ఒకరోజు కొట్టు మూసి ఆసుపత్రికి వెళ్ళాడు. నర్సమ్మ వరండా చివర నిలబడి టీ తాగుతోంది.

"ఆ సంచి కుట్టింది నేనండీ" అన్నాడు.

"ఏ సంచి?"

ఆవిడకి గుర్తే లేదు. రోజుకి ఎంతమంది బిడ్డలు, ఎన్ని కేకలు! ఇన్నాళ్ళూ గుండెలమీద రాయిలా మోసినదాన్ని ఆయన మొదటినుంచీ విప్పి చెప్పుకోవాల్సి వచ్చింది. లోతు, మూత, గుండీలు, కూతురు తల దించుకోవడం, అన్నీ చెప్పాడు. నర్సమ్మ విని, గ్లాసు పక్కన పెట్టి, ఆయన భుజం మీది తువ్వాలు తీసి బిడ్డలా చుట్టి గుండెకి ఆనించుకుంది.

"ఇలా చూడండి పెద్దాయనా. బిడ్డ తల ఇంత పైన ఉండాలి, తల్లి కాస్త తల వంచితే ముద్దు అందేంత. మొహం ఎప్పుడూ తల్లికి కనపడాలి. గడ్డం గుండెకి ఆనకూడదు. లోపల ఉండలా ముడుచుకోకుండా వీపుకి ఊతం ఉండాలి. తొడల కింద గుడ్డ వెడల్పుగా ఉండి, మోకాళ్ళు పిర్రల కంటే పైకుండాలి, కప్ప కూర్చున్నట్టు. మీది మూటలకి బాగుంటుంది. మూటకి ఊపిరక్కర్లేదు."

ఆయన తలూపాడు.

"అయినా ఇదంతా నాకెందుకు చెప్తున్నారు? అమ్మాయికి చెప్పారా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అయితే ముందు ఇంటికి వెళ్ళండి" అంది నర్సమ్మ.

వెళ్ళేసరికి అమ్మడు పాప గుడ్డలు మడతపెడుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడి, ఆగితే మళ్ళీ రాదన్నట్టు గబగబా చెప్పేశాడు. "తప్పు నాది అమ్మడూ. లోతు నేను కుట్టిందే. మూత వేసింది నేనే. నువ్వు సరిగ్గానే కట్టుకున్నావు. నీకు చేతకాకపోవడమేం లేదు."

అమ్మడు మడత ఆపలేదు. "నాకు తెలియదా నాన్నా?"

"తెలుసా?"

"సంచి తెలియక కుట్టావు, అది పోనీ. నీకెవరు చెప్పారు గనక! కానీ ఆవిడ పెద్దవాళ్ళు లేరా అంది చూడు, అప్పుడు నువ్వొక్క మాట అంటావని చూశాను."

"భయం వేసిందే."

"నాకూ వేసింది" అంది అమ్మడు. "అమ్మ ఉంటే బాగుండునని అప్పుడనిపించింది. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ అనిపించలేదు."

ఆయన గుమ్మం పట్టుకుని ఉండిపోయాడు. ఏ మాట వినకూడదని ఇన్నేళ్ళు బతికాడో ఆ మాట విన్నాడు. కూతురు అరిచి ఉంటే కాళ్ళు పట్టుకునేవాడు. అరవలేదు. లేచి, ఆయనకి అన్నం పెట్టింది.

ఆ సాయంత్రం సంచి విప్పేద్దామని కూర్చున్నాడు. మూడు వరసల కుట్టు. బ్లేడు వేళ్ళకి తగిలింది గానీ పట్టీ ఊడి రాలేదు. అలాగే చుట్టి చెత్తలో వేశాడు.

కొన్నాళ్ళకి అమ్మడు షాపువాళ్ళకి వస్తానని కబురు పంపి, పాపని కట్టుకోవడానికి సంచి ఒకటి కొనుక్కుంది. నన్ను కుట్టమనలేదేం అని ఆయన అడగలేదు. ఆ పిల్లా చెప్పలేదు. పనికి తిరిగి వెళ్ళే రోజు పొద్దున పాపని అందులో వేసుకుని, మెట్లు ఒక్కొక్కటే జాగ్రత్తగా దిగింది. మొహం భయంగానే ఉంది, కానీ దిగింది. పాప తల తల్లి గడ్డం కిందే ఉంది, కళ్ళు తిప్పుతూ సందంతా చూస్తోంది. సంచులాయన మిషను ఆపి, లేచి నిలబడ్డాడు. కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు.

అమ్మడు ఆయన ముందునుంచే సందు దాటి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వైపు వీపు తిప్పి, "పిన్నీ, వీపు దగ్గర పట్టీ సరిగ్గా ఉందేమో చూడు" అంది.

పిన్ని ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, సంచులాయన వైపు చూసింది. "పట్టీల సంగతి నాకేం తెలుసే? మీ నాన్న ఉన్నాడుగా, అడుగు."

"నాన్ననడిగితే బాగుందనే అంటాడు పిన్నీ" అంది అమ్మడు, నవ్వుతూనే. ఆ నవ్వులో కోపం లేదు. కోపమే అయితే ఆయన బతిమాలుకునేవాడు.

పిన్ని బట్టలు పక్కకి జరిపి, చేతులు తుడుచుకుని, పట్టీ కింద వేలు పెట్టి చూసింది. కాస్త బిగించింది. వాళ్ళిద్దరూ పాప మీదికి వంగి ఏదో చెప్పుకున్నారు. ఆయన అలాగే నిలబడి చూశాడు. పట్టీ ఎడమవైపు ఒక మెలిక పడి ఉంది. అరవాలా వద్దా అని ఆయన తేల్చుకునేలోపే పిన్ని దాన్ని చూసి సరిచేసింది.