ఎక్కువైన పెట్రోలు

కారు ట్యాంకులో పెట్రోలు పెరిగింది.

రాత్రి ఇంజను ఆపినప్పుడు ముల్లు సరిగ్గా పావు గీత మీద ఉంది. ఇప్పుడు గీత దాటి గోరంత పైకి లేచి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఆమె తాళం తిప్పింది, ఆపింది, మళ్ళీ తిప్పింది. ముల్లు మాట మార్చలేదు. కిలోమీటర్ల మీటరు ఏనాడో చచ్చిపోయింది. ఆ బండిలో మిగిలిన సాక్షి ఈ ముల్లొక్కటే.

తగ్గితే దొంగతనం అనుకోవచ్చు. ధర పెరిగినప్పటి నుంచి వీధిలో ఎవరి ట్యాంకుకీ నమ్మకం లేదు. పెరిగితే ఏమనుకోవాలి?

ఎవరో ఏదో పోశారు. నీళ్ళు కావచ్చు, కిరసనాయిలు కావచ్చు.

సాయంత్రం మెకానిక్ వచ్చి కారు కొనుక్కుపోతాడు. సంపాదనలో సగం ట్యాంకే తాగేస్తుంటే ఇంకెన్నాళ్ళు టాక్సీ నడపగలదు? బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఉద్యోగం మాట్లాడుకుంది. ఇంజను ఇవాళ దగ్గితే బేరం పోతుంది. దగ్గకపోతే బండి పోతుంది. ఏది జరగాలని తను కోరుకుంటోందో ఆమెకే తెలియలేదు.

లోపలికొచ్చి భర్తను నిలదీసింది. అతను ప్రెస్సుకు తయారవుతున్నాడు.

"పెట్రోలు పోశావా?"

"నేనా? ఆ వాసనకే నాకు తిప్పుతుంది. పెళ్ళిరోజు కారులో నీ పక్కన కూర్చుని నేనేం చేశానో మర్చిపోయావా?"

"నా కొత్త బట్టలు మర్చిపోలేదులే."

బల్ల దగ్గర మామయ్య టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. రిటైరయ్యేదాకా ఆయన రేవులో ఓడల ట్యాంకుల్లో చమురు ఎంతుందో కొలిచాడు.

"మళ్ళీ కలొచ్చిందమ్మాయ్" అన్నాడు. "అదే ఎర్రపొట్ట ఓడ. ముక్కు మీద తెల్లటి మచ్చ, చేపలా. మొన్నటిదాకా పొట్టంతా నీళ్ళలోనే ఉండేది. ఇప్పుడు పైకి తేలుతోంది. సరుకు దించుతున్నారు."

"కలలో కూడా డ్యూటీయేనా మామయ్యా? ఓవర్ టైం ఇస్తున్నారా?"

ఆయన నవ్వి టీ ఊదుకున్నాడు. వారం రోజులుగా ఇదే కల.

టాక్సీ స్టాండులో ఆమె మూత విప్పి వాసన చూసింది. మూత తను బిగించేదానికన్నా గట్టిగా ఉంది. లోపల అచ్చమైన పెట్రోలే.

"న్యూట్రలక్క ట్యాంకుతో మాట్లాడుతోందిరోయ్!" బట్టతల డ్రైవరు కేకేశాడు. వాలు వస్తే చాలు, గేరు తీసి బండిని ఊరికే జారనిస్తుందని ఆమెకు ఆ పేరు.

"ఎవరో పెట్రోలు పోసి పోయారు."

"వాణ్ణి మా వీధికి పంపక్కా, దండ వేస్తాను. నిన్న ఒకావిడ ఏసీ వెయ్యమంది. కిటికీ దించి, ఇదేనమ్మా అన్నాను."

"ముడి చమురు ధర దిగిందని రేడియోలో చెప్పారుగా. బంకులో దిగదేం?"

"ఎక్కేటప్పుడు లిఫ్టు, దిగేటప్పుడు మెట్లు. ఒక మెట్టు మీద పన్ను కూర్చుంది, ఇంకోదాని మీద డాలరు. పైగా రిఫైనరీ మరమ్మతని మూశారు, వచ్చిన ఓడల్లో సగం బయటే పడిగాపులు. ఎక్కడో ఇద్దరు కొట్టుకుంటే నా బండి నేనెందుకు నెట్టుకోవాలో చెప్పు!"

అంతలో రేవు ఆఫీసు గుమాస్తా వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆమె బయల్దేరింది.

రేవు దారిలో మంచు ఇంకా విడలేదు. దీపస్తంభాలు ఒక్కొక్కటిగా పుట్టి, పక్కకొచ్చి, కరిగిపోతున్నాయి. వాలు దగ్గర గేరు తీసింది. చప్పుడు తగ్గి, బండి నిద్రలో నడుస్తున్నట్టు జారింది. పెట్రోలు చవకగా ఉన్న రోజుల్లో ఆదివారాలు ఇదే దారిన మామయ్యను తీసుకొచ్చేది. ఇద్దరూ కిటికీలు దించుకుని, ఏమీ మాట్లాడుకోకుండా ఓడల్ని చూసేవాళ్ళు. ధర పెరిగాక ఒక పూట ఆమే అంది: "పని లేని ప్రయాణం బంద్."

గుమాస్తా దిగిపోయాడు. ఆమె తల తిప్పింది.

మంచులో ఒక గోడ నిలబడి ఉంది. పైన నలుపు, కింద ఎరుపు. ఎరుపు మీంచి నీళ్ళు మెల్లగా కారుతున్నాయి. ముక్కు మీద తెల్లటి మచ్చ, చేపలా.

తను మామయ్య కలలోకి వచ్చి బండి ఆపిందా? ఒక్క క్షణం అలాగే అనిపించింది. మరుక్షణం అర్థమైంది. అంత కచ్చితంగా ఎవరికీ కలలు రావు.

సాయంత్రం మెకానిక్ ఇంజను విని తలాడించాడు. "గడియారంలా ఉందక్కా. తాళం ఇచ్చెయ్." అరచేయి చాచాడు.

ఆమె తాళం పట్టుకుని గుమ్మంలో కూర్చున్న మామయ్య వైపు తిరిగింది.

"ఇవాళ రేవులో మీ కల కనబడింది మామయ్యా. చేపమచ్చతో సహా."

ఆయన గుమ్మంలోంచి లేచి నిలబడ్డాడు.

"నేనేనమ్మాయ్. వారం నుంచి తెల్లారకముందే తీసుకెళ్తున్నాను. నీలాగే న్యూట్రల్లో వాలు దింపి, మలుపు దాటాక స్టార్టు చేసేవాణ్ణి. వచ్చేటప్పుడు పేపరు వ్యాను వెనకే వచ్చేవాణ్ణి, దాని చప్పుడులో నా చప్పుడు కలిసిపోయేది. వాడింది వాడినట్టు నా పించనుతో కొని పోసేశాను. వెళ్ళేముందు ట్యాంకులో కర్ర ముంచి తడి ఎంతవరకుందో చూసేవాణ్ణి, వచ్చాక అక్కడిదాకా నింపేవాణ్ణి. ఇవాళ ఆ వ్యాను మన బండి పెట్టే చోటులోనే ఆగింది. వాలు మీదే ఆపి కొలిచి పోశాను, వ్యాను కదిలాక బండిని చోటులో పెట్టాను. ముక్కు పైకెత్తిన బండిలో పెట్రోలు వెనక్కి జారి, మూత దగ్గర కర్ర తక్కువ చూపిస్తుందని తట్టనేలేదు. ఓడ ఒరిగితే లెక్క సరిచేసినవాణ్ణి, ఇంటి ముందు బోల్తా పడ్డాను."

మెకానిక్ నవ్వాపుకున్నాడు. ఆమె నవ్వలేదు. వేళ్ళు తాళం చుట్టూ ముడుచుకున్నాయి.

"కల అని చెప్పింది అబద్ధం. ఓడ ఖాళీ అవుతోందంటే ధర దిగుతుందని ఆశపడతావు, బండి అమ్మవు అనుకున్నాను. ఒక్క ఓడతో ధర దిగదని నాకు తెలీదా? ఎప్పుడు దిగుతుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. మొదటిరోజు ఓడ కోసమే వెళ్ళాను. రెండో రోజు నుంచి కాదు. ఆ మంచులో, నీ సీట్లో కూర్చుని, బండిని అలా జారనిస్తుంటే, నువ్విన్నేళ్ళు దీన్ని ఎందుకు పట్టుకు వేలాడావో తెలిసింది. అది తెలిసి కూడా నోరు మూసుకుని, నువ్వు తాళం ఇచ్చేస్తుంటే చూస్తూ కూర్చుంటే, అదే అసలు దొంగతనం. పిడికిలి విప్పకమ్మా. రేపు తెల్లారకముందే నన్ను లేపు. నువ్వు నడుపు. పెట్రోలు నాది."