తోకలో వేసిన పట్టీ

కొడుకు చేస్తున్న విమానం రెక్కల పొడవు తొమ్మిది అడుగులు. గదిలో పట్టక వంటింటి గుమ్మంలోకి పొడుచుకొచ్చేది. ఆరు నెలలుగా ఆ తల్లి పాలగిన్నె పట్టుకుని ఊపిరి బిగబట్టి దాని కిందనుంచి వంగి వెళ్లేది. ఏ వస్తువును చూసినా, అది ఎలా విరుగుతుందో ముందు ఆమె కళ్లకు కట్టేది.

దీని విషయంలో ఆ భయానికి కారణం ఉంది. కార్ఖానాలో మరలో పడి కుడిచెయ్యి నలిగాక కొడుకు ఏడాదిపాటు మంచం దిగలేదు. రెండు వేళ్లు ఇప్పటికీ సరిగ్గా ముడవవు. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగి పడుకునేవాడు. చివరికి అతణ్ణి లేపి కూర్చోబెట్టింది ఈ రిమోటు విమానమే. పలచటి చెక్కలు కోసి పక్కటెముకల్లా పేర్చాడు. పైన ప్లాస్టిక్ పొర పరిచి, తల్లి ఇస్త్రీపెట్టెతోనే బిగువెక్కించాడు.

"ఇది ఎగిరిందంటే మళ్లీ పనిలోకి పోతానమ్మా," అన్నాడు ఒకరోజు. కాసేపాగి, "విరిగిందంటే మాత్రం ఇక నన్నేమీ అడగొద్దు," అన్నాడు.

ఆ రెండో మాటే ఆమెను పట్టుకుంది.

ఎగరేసే ముందురోజు సాయంత్రం రెక్కలు బిగించి, అతనొక పక్కా మేనమామ ఒక పక్కా వేళ్లమీద విమానాన్ని ఎత్తి పట్టారు. ముక్కు రవ్వంత కిందికి వంగింది. "బరువు సరిగ్గా కుదిరింది మావయ్యా, ముక్కు ఇంతే వంగాలి," అన్నాడు కొడుకు. కింద పెడుతుంటే తోక కిర్రుమంది. ఆ చప్పుడు తల్లికి తప్ప ఎవరికీ పట్టలేదు.

ఆమె సంచులు కుట్టి సంసారం లాక్కొచ్చిన మనిషి. బరువు మోసే సంచికి అడుగున పట్టీ వెయ్యకపోతే చిరిగి తీరుతుందని ఆమె చేతులకు తెలుసు. పొద్దున కొడుకు విమానానికి పెట్రోలు తేవడానికి వెళ్లగానే తోక కింది చిన్న మూత విప్పింది. మందపాటి కాన్వాసు నాలుగు మడతలు వేసి, లోపల జిగురు దట్టించి అతికించింది. మూత మళ్లీ బిగించాక మనసు కుదుటపడింది.

మధ్యాహ్నం మేనమామ వ్యానులో గోదాముల వెనక ఉన్న ఖాళీ మైదానానికి వెళ్లారు.

"ఏం అల్లుడూ, పైకెళ్లాక మనల్ని గుర్తుపడుతుందా ఇది?"

"నీ వ్యాను కన్నా చెప్పినమాట వింటుందిలే మావయ్యా."

కొడుకు నవ్వాడు. "అక్కా, నవ్వాడే వీడు! పళ్లింకా ఉన్నాయి," అన్నాడు మేనమామ. "సరేగానీ, మళ్లీ ఓసారి ఎత్తి చూడొద్దా?"

"నిన్న చూశాంగా. గాలి లేవకముందే ఎగరెయ్యాలి. తోక కాస్త బరువెక్కినా ముక్కు లేచిపోతుంది, ఇక దించలేం. రాత్రికి రాత్రి ఏం పెరుగుతుంది?"

తల్లి చూపు తోకమీదికి పోయింది. "నాన్నా..." అంది.

"ఏంటమ్మా?"

అతని ముఖం వెలిగిపోతోంది. ఇప్పుడు చెబితే విప్పాలి, గీకాలి, ఇంటికి తిరిగి పోవాలి. పోయాక మళ్లీ గోడవైపు తిరుగుతాడేమో. అయినా నాలుగు మడతల గుడ్డ ఏపాటి బరువు?

"జాగ్రత్త," అంది.

విమానం దుమ్ము రేపుతూ పరుగెత్తి నేల విడిచింది. మేనమామ చప్పట్లు కొట్టాడు. రెండోసారి కొట్టేలోపే ముక్కు పైకి లేచింది. లేస్తూనే ఉంది. కొడుకు రిమోటు మీది పుల్లను ముందుకు నొక్కి పట్టాడు, పళ్లు బిగించాడు. విమానం గాల్లో నిలువునా ఒక్క క్షణం ఆగి, ఒక రెక్క వాల్చి, తిన్నగా నేలమీదికి వచ్చింది.

ముక్కలన్నీ ఏరి ఆమె కుట్టిన సంచుల్లోనే వేసుకున్నారు.

"నా చెయ్యే," అన్నాడు కొడుకు. "వేళ్లు సమయానికి ముడవలేదు." దారి పొడుగునా ఆ ఒక్కమాటే. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె గుమ్మంలో నిలబడింది. చెప్పకపోతే జీవితాంతం ఆ చేతినే తిట్టుకుంటాడు. చెబితే తన ముఖం చూడడు.

"నీ చెయ్యి కాదు నాన్నా. తోకలో నేను పట్టీ వేశాను. నిన్న మీరు ఎత్తి చూశాక, ఇవాళ పొద్దున."

అతను లేచి, సంచిలోంచి తోక తీసి, పట్టీ ఒక కొస నుంచి లాగాడు. వచ్చినంతమేర కోసి వంటింటి కాటామీద పెట్టాడు. పావుకిలో దాటింది. చాలాసేపు ఆ ముల్లునే చూశాడు.

"అయితే నా చెయ్యి కాదన్నమాట."

"కాదు నాన్నా."

"మైదానంలో తోక బరువు సంగతి నేనన్నప్పుడు నీకు తెలుసు."



అతను సంచులు గదిలోకి లాక్కెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు. మంచం పట్టిన ఏడాదిలో కూడా ఆ తలుపుకు ఎన్నడూ గడియ పడలేదు. కాసేపటికి, చెక్కకు అంటుకున్న గుడ్డను బ్లేడుతో గీకుతున్న చప్పుడు వినిపించింది. ఆగి, మళ్లీ మొదలైంది.

ఆమె చల్లారిన పాలగిన్నె ఒళ్లో పెట్టుకుని తలుపు బయట నేలమీద కూర్చుంది. గడియ తియ్యమని అడిగే ధైర్యం ఆమెకు లేదు.