పని లేదన్న నివేదిక

స్టేజీ మీదికి సింధూరను పిలిచారు. మాట్లాడడానికి కాదు, పెద్దమనుషులకు శాలువాలు అందించడానికి.

టెక్కలిలో ఆ ప్రైవేటు కాలేజీవాళ్లు పెట్టిన అర్థశాస్త్ర సదస్సు అది. అంశం ‘ఉద్దానం మహిళల ఆర్థిక స్థితి’. స్టేజీ మీద ఏడు కుర్చీలు, ఏడింటిలోనూ మగవాళ్లే. ఆడవాళ్ల బతుకు గురించి చెప్పడానికి ఆడమనిషి నోరు అక్కర్లేదన్న ధీమా ఆ ముఖాల నిండా ఉంది.

సింధూర అక్కడ ఆరేళ్లుగా కాంట్రాక్టు లెక్చరరు. పలాస చుట్టుపక్కల ఇంట్లో కూర్చుని జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల మీద ఆమె పరిశోధన. ఎండనక వాననక రెండేళ్లు గడప గడపా తిరిగింది. ఆ పరిశోధన నివేదిక మీద తన పేరు పడితే డాక్టరేటు వస్తుంది, ఉద్యోగం పర్మనెంటవుతుంది. పడకపోతే ఆరేళ్లూ గంగలో కలిసినట్టే.

మొదట్లో ఆమె కూడా పప్పులో కాలేసింది. పిక్కలు కొడుతున్న తవిటమ్మ ఎదురుగా కూర్చుని, “ఏ పని సేత్తావు పిన్నీ?” అనడిగింది.

“పనేటుంటాదమ్మా? ఇంటికాడే కూకుంటాను” అంది తవిటమ్మ, చేతిలో పని ఆపకుండానే.

సింధూర ‘పని లేదు’ అని రాసుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఆ చేతులు గుర్తొచ్చాయి. పిక్కల్లోని జీడి రసం కాల్చేస్తే తోలూడిన వేళ్లు. సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాడే వెళ్లి ప్రశ్న మార్చింది. “లేచింది మొదలు పడుకునేదాకా ఏటేటి సేత్తావో సెప్పు పిన్నీ.”

పిక్కలు కొట్టడం, పప్పు మీద పొర తీయడం, నీళ్లు మోయడం, రోజు విడిచి రోజు మొగుణ్ని డయాలసిస్‌కి తీసుకెళ్లడం... చెబుతూ చెబుతూ తవిటమ్మే ఆగిపోయింది. “ఓలమ్మో! ఇన్ని సేత్తన్నానేటి నాను?”

నాలుగు వందల మంది అలాగే చెప్పారు. మీరు చెప్పింది సదస్సులో మీకే చదివి వినిపిస్తారు, రండని సింధూర మాటిచ్చింది. అందుకే ఆ రోజు పాతికమంది రెండు ఆటోల్లో ఇరుక్కుని వచ్చి హాలు వెనక నిలబడ్డారు.

డిపార్టుమెంటు హెడ్డు నాగేంద్రబాబు లేచి నివేదిక చదివాడు. “ఇంటిపట్టునుండే స్త్రీలలో మూడొంతుల మందికి ఏ పనీ లేదు.” ప్రధాన పరిశోధకుడు తనే. వివరాలు సేకరించిన సిబ్బందికి ధన్యవాదాలు. సింధూర పేరు ఎక్కడా లేదు. ఆమె ప్రశ్న కూడా లేదు. ఎందుకుంటుంది? నాగేంద్రబాబు బావమరుదులవి పలాసలో రెండు జీడి ఫ్యాక్టరీలు. ఈ ఆడవాళ్ల ఇళ్లకు పిక్కలొచ్చేది వాటినుంచే. ఆ ఆడవాళ్లది పని అని ఒక్కసారి ఒప్పుకుంటే, వాళ్లు కార్మికులని కూడా ఒప్పుకోవాలి, చట్టప్రకారం కూలి ఇవ్వాలి.

“ఎవులికి బాబూ పని లేంది?” వెనకనుంచి తవిటమ్మ గొంతు లేచింది.

హాల్లో నవ్వులు. “వీళ్లనెవడు లోపలికి రానిచ్చాడు?” అన్నాడు నాగేంద్రబాబు.

సింధూర చేతిలో శాలువా బల్లమీద పెట్టేసింది. “నేనే పిలిచాను సార్. ఈ పరిశోధన నాది. మార్చింది మీరు.”

“నువ్వు తెచ్చినవి అమ్మలక్కల కబుర్లమ్మా. వాటిని ఎకనామిక్స్ చేసింది నేను.”

మర్నాడు ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ ఆదివారం తవిటమ్మ వీధిలో మీటింగు పెట్టుకున్నారు. సింధూర దగ్గర ఫైనలియరు చదివే లక్ష్మీప్రియ కూడా వచ్చింది. రెండో విడత సర్వేకి హెడ్డు తమ క్లాసు అమ్మాయిలనే పంపుతున్నాడని చెప్పింది.

“ఆయమ్మ ఉజ్జోగం పోతే మనకేటి? ఫేట్రీవోడు పిక్కలివ్వడం మానేత్తే ఏటి తింతాం?” అని కయ్యిమంది ఒకామె.

“నిజమే. నా కోసం మీరు పస్తులుండొద్దు” అంది సింధూర.

“నీ ఒక్కదాని కోసమేటి?” తవిటమ్మ కోప్పడింది. “పని లేందాన్నని నా నోటితో నానే సెప్పుకున్నాను ఇన్నాళ్లు. కాదని సెప్పింది ఈ గుంట. దీన్ని గెంటేసినోడికి మన బతుకులు సెప్తామేటే?”

ఆ తర్వాత సర్వేకి ఎవరొచ్చినా ఆ వీధుల్లో ఒకటే జవాబు. “సింధూరమ్మని తెండి, ఆయమ్మ పెశ్నే అడగండి.” ఊరి పేరు కూడా చెప్పలేదు. రెండో వారం ఫ్యాక్టరీ పిక్కలివ్వడం ఆపేసింది. పొయ్యిలు ఆరిపోయాయి. ఇద్దరు చాటుగా వెళ్లి జవాబులిచ్చి పిక్కలు తెచ్చుకున్నారు. వాళ్లను తిట్టే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

నాలుగో వారం సింధూరతో సహా అందరూ కాలేజీ గేటు ముందు బైఠాయించారు. విద్యార్థినులు పుస్తకాలతో సహా వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. పోలీసు వ్యాను వచ్చింది. దాని వెనకే నాగేంద్రబాబు వచ్చి, సింధూరను పక్కకు పిలిచాడు.

“నీ పేరు వేస్తాను. ఉద్యోగమూ ఇస్తాను. ప్రశ్న మాత్రం నాదే. వీళ్లని పంపించెయ్.”

సింధూర మనసులో లెక్కేసుకుంది. ఆరేళ్లు. డాక్టరేటు. అమ్మకు ఏం చెప్పాలి? ఊఁ అంటే సాయంత్రానికల్లా అన్నీ దొరుకుతాయి. దొంగ నివేదిక మీద తన పేరు కూడా దొరుకుతుంది.

“అబద్ధం మీద నా పేరు వద్దు సార్” అంది, గేటు దగ్గరున్న అందరికీ వినబడేలా.

ఆమెనూ తవిటమ్మనూ వ్యానెక్కించారు. తవిటమ్మ చెయ్యి పట్టి లాగిన కానిస్టేబులు, తోలూడిన ఆ వేళ్లు తగలగానే చప్పున వదిలేశాడు. “లాగనక్కర్లేదు, నానే ఎక్కుతాను” అందామె.

“షో అయిపోయింది. క్లాసుకి పదండి” అన్నాడు నాగేంద్రబాబు అమ్మాయిలతో. “రానివాళ్లకి హాల్‌టికెట్లు ఇవ్వను.”

లక్ష్మీప్రియ పుస్తకాలు సర్దుకుని లేచింది. “మీకాడే ఉంచుకోండి సార్. మాం టేసన్‌కి ఎల్తన్నాం.”

ముప్పై మంది అమ్మాయిలు, వాళ్ల ముందు పిక్కలు కొట్టే ఆడవాళ్లు హైవే మీద పోలీసు స్టేషన్ వైపు నడిచారు. దారిలో వేరే కాలేజీల్లో డిగ్రీ చదివే పిల్లలు బస్సులు దిగి వాళ్లలో కలిశారు. ఆ పూట నాగేంద్రబాబు ఖాళీ బెంచీలకు ఎకనామిక్స్ పాఠం చెప్పుకున్నాడు.