వెయిటింగ్ లిస్టులో రెండో పేరు

మామగారి పక్కగుడ్డలు ఉతికి ఆరేసి, తలస్నానం చేసి, మడిచీర కట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చేసరికి సీతారామలక్ష్మికి మళ్ళీ పిలుపొచ్చేది. మళ్ళీ పక్కగుడ్డలు, మళ్ళీ స్నానం, మళ్ళీ మడి. మొగుడు పోయి బావగారి పంచన చేరిన మనిషి వేళ్ళు నీళ్ళలో నాని పాచిపోతే ఎవరికి పట్టింది? "నష్టజాతకురాలా, నీ చేతి నీళ్ళు తాగాల్సొచ్చింది" అని పక్షవాతంతో పడున్న మామగారు మంచంలోంచే దీవించేవాడు. తాగడం మాత్రం మానలేదు.

కాకినాడలో నర్సు ట్రైనింగుకి పెళ్ళికాని పిల్లలతో పాటు విధవల్ని కూడా తీసుకుంటారని తెలిసి దరఖాస్తు పెట్టింది. ముప్పై సీట్లు, ఏడొందల మంది. ఆ సంగతి అత్తగారి తద్దినం నాడు, భోక్తలు దక్షిణ అందుకునే వేళ బయటపడింది. బావగారు దక్షిణామూర్తి హైస్కూల్లో తెలుగు మాస్టారు. నలుగురు దొరికితే నవ్వించకుండా ఉండలేడు.

"ఎమ్మెల్యేల చేత చెప్పించుకున్నవాళ్ళకే గతి లేదు, మా మరదలికి సీటంటండీ! వస్తే మా నాన్నగారి సేవంతా నేనే చేస్తాను."

"తద్దినం పూట మాటిచ్చావయ్యా, చూసుకో" అన్నారు భోక్తల్లో పెద్దాయన. అందరూ నవ్వారు.

ఇంటర్వ్యూ అయ్యాక వెయిటింగ్ లిస్టులో రెండో పేరు వచ్చింది. "రానట్టే" అని బావగారు ఊరంతా చెప్పుకున్నాడు.

ఆమెకి ఏడుపు రాలేదు, కసి పుట్టింది. రోజూ దీపం పెట్టి ఒకటే కోరుకునేది: సీటొచ్చిన వాళ్ళలో ఇద్దరికి పెళ్ళిళ్ళు కుదరాలి. పెళ్ళి ఏం చేస్తుందో తెలిసి కూడా కోరుకుంది. ఇంటర్వ్యూ రోజు బెంచీ మీద పక్కన కూర్చున్న పిల్ల తన మరచెంబులో నీళ్ళు ఇచ్చింది. ఆ పిల్లకే కుదిరినా సరే అనుకుంది.

జ్యేష్ఠమాసంలో ఒక పిల్లకి పెళ్ళయింది. ఎవరికని ఆమె ఆరా తీయలేదు. మగవాళ్ళ వార్డులో పని చెయ్యాలని తెలిసి ఇంకో పిల్లని తండ్రి ఇంటికి తీసుకుపోయాడు. సీతారామలక్ష్మికి సీటొచ్చింది.

బయలుదేరే రోజు పొద్దున్న బావగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"వేళాకోళానికన్నది పట్టుకుంటావేంటమ్మా? మీ అక్కకి నడుంనొప్పి. నాన్నగారినెవరు చూస్తారు?"

"తద్దినం నాడన్నారు కదండీ బావగారూ. అత్తయ్యగారు విన్నారు."

ఆయన గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు. తల్లి పేరు చెబితే ఎదురాడలేడు.

"అమ్మాయ్, పక్క తడిసింది!" అని లోపల్నుంచి మామగారి కేక. అలవాటు చొప్పున కాలు ముందుకు పడబోతే ఆపుకుంది. ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని బావగారే వెళ్ళాడు.

ఆమె పెరటి గుమ్మంలో పెట్టె దించి దానిమీద కూర్చుంది. నూతి దగ్గర ఆయన పక్కగుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని నీళ్ళలో ముంచుతున్నాడు.

"అలా కాదండీ. రెండు చేతులతో రుద్దాలి."

జాలేస్తుందేమోనని ఒక్క క్షణం భయపడింది. వెయ్యలేదు. వీధిలో కాకినాడ బస్సు హారను కొట్టింది. పోనిచ్చింది. మధ్యాహ్నం ఇంకోటుంది. ఇది మళ్ళీ చూడ్డానికి దొరకదు.