రెండంగుళాలు లేని టేపు

నేను ఒక టేపును. పాటలు పాడే టేపును కాదు, అది ఎప్పుడో నోరు మూసుకుంది. దర్జీ మెడలో వేలాడే కొలత టేపును. జనం దేవుణ్ణి కొలుస్తారు, నేను జనాన్ని కొలుస్తాను. ఎవరి కొలువు వాళ్ళది.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. గుడ్డ పట్టీకి పచ్చ పూత పూసి, ఒంటినిండా గీతలు గీసి, అరవై దాకా అంకెలు అచ్చు వేసి, రెండు చివర్లా ఇత్తడి తొడుగులు బిగించారు. చుట్ట చుట్టుకుని అట్టపెట్టెలో పడుకుని, నరసరావుపేటలో దారాలూ గుండీలూ అమ్మే కొట్లో కళ్ళు తెరిచాను. నన్ను కొన్నవాడు కాసిం మాస్టారు, మగవాళ్ళ దర్జీ. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ నేను చూసినవి పొట్టలు. కొలతలిచ్చేటప్పుడు ప్రతి మగవాడూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. మాస్టారు పొట్ట మాట ఎత్తకుండా ఊళ్ళో కబురేదో అడిగేవాడు. జవాబుకని నోరు తెరవగానే పొట్ట తన అసలు సరిహద్దుకి వచ్చేసేది. అప్పుడు కొలిచేవాడు. అబద్ధం ఆడటానికైనా మనిషి ఊపిరి వదలక తప్పదని అక్కడే తెలుసుకున్నాను.

ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి సామ్రాజ్యం. పని పూర్తిగా పట్టుబడిన రోజున మాస్టారు నన్ను తీసి ఆమె మెడలో వేశాడు. "సన్మానాలు చేసే స్తోమత లేదు తల్లీ, ఇదే దండనుకో," అన్నాడు.

అప్పట్నుంచీ, ముప్ఫై ఏళ్ళుగా, ఆమె జాకెట్లు కుడుతోంది. పేరుకి సామ్రాజ్యమే గానీ, ఏలిందల్లా ఒక మిషనూ, ఒక కత్తెరా, ఆరడుగుల టేకు బల్లా. ఆ బల్ల దగ్గర నిలబడే గుడ్డ పరుస్తుంది, గీస్తుంది, కోస్తుంది. మోకాళ్ళు అరిగి, కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సిన స్థితి వచ్చాక ఆ బల్ల ఆమెకి సామాను కాదు, కాళ్ళు. బల్ల లేకపోతే కత్తెర లేదు.

ఇరవై ఏళ్ళ కిందట ఒక ఇస్త్రీ పెట్టె నా నుదుటి రాత మార్చింది. నా మొదటి చివర కాలి ముడుచుకుపోతే, సామ్రాజ్యం సరిగ్గా రెండో గీత మీద కత్తిరించి అవతల పారేసింది. కొత్త టేపు కొనుక్కోవచ్చు. కొనలేదు. నేను రెండు దగ్గర మొదలవుతాను, ఆమె మనసులో రెండు తీసేస్తుంది. నా మీద ముప్ఫై ఆరు కనపడితే ఆమె నోట ముప్ఫై నాలుగు వినపడుతుంది. నన్ను చూసి గుండె జారిన ఆడవాళ్ళు ఆమె మాట విని నాజూకైపోతారు. తీసివేతలో ఇంత సుఖముందని లెక్కల పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.

ఆమె భర్త రాఘవులు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. యాభై సీట్ల బస్సులో తొంభై మందిని "జరగండి, ఇంకొంచెం జరగండి" అంటూ పట్టించిన మనిషి. ప్రపంచంలో పట్టనిదంటూ ఏదీ లేదని ఆయన నమ్మకం. ఒకరోజు భోజనం ముందు కూర్చుని ఆ నమ్మకాన్ని బయటపెట్టాడు.

"ఇల్లు తగ్గిద్దాం సామ్రాజ్యం. ఉన్నది ఇద్దరం. ఈ నాలుగు గదులూ ఊడ్చటానికే నీ మోకాళ్ళు పోతన్నాయి. ఒక గదీ వంటిల్లూ ఉన్న ఫ్లాటొకటి చూశా. లిఫ్టుంది."

"తగ్గించండి. నాకేం? కిటికీ కింద నా బల్ల పడితే వస్తా. బల్ల పట్టకపోతే నేనూ పట్టను."

"పడుతుందని చెబుతున్నాగా."

"చెప్పటం కాదు. కొలిచి చెప్పండి."

ఆమె మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట ఆయన మిషను సొరుగు లాగి నన్ను జేబులో కుక్కుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. కొత్త ఫ్లాటులో కిటికీ కింద వంగి, నా తెగిన చివరని గోడకి ఆనించి లాగాడు. అరవై దగ్గర వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి మళ్ళీ నా తెగిన చివరే ఆనించి అవతలి గోడ దాకా లాగాడు. పధ్నాలుగు.

"డెబ్బై నాలుగు. బల్ల డెబ్బై రెండు. ఇంకా రెండంగుళాలు మిగిలిందే," అని గోడతో చెప్పాడు.

లాగిన ప్రతిసారీ రెండేసి చొప్పున నాలుగంగుళాలు లేని చోటు ఉన్నట్టు లెక్కకొచ్చింది. అసలున్నది డెబ్బై. బల్లకి రెండు తక్కువ. ఒళ్ళంతా అంకెలున్నా ఒక్క మాట రాని బతుకు నాది. జేబులో మళ్ళీ చుట్ట చుట్టుకున్నాను. ఆయన ఈల వేసుకుంటూ వెళ్ళి పాతింటి ఓనరుకి, ఆదివారం ఖాళీ చేస్తామని చెప్పేశాడు. ఆ ఆదివారానికే అందులో దిగడానికి ఇంకొకరు సిద్ధమయ్యారు.

ఆ వారమంతా ఇంట్లో వస్తువులన్నిటికీ విచారణ జరిగింది. ఒకేసారి నలభై ఇడ్లీలు వేసే పాత్ర, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, మూడు గొడుగుల పాత ఊచలు. ప్రతిదానికీ రాఘవులు చెప్పే సాక్ష్యం ఒకటే, "పనికొస్తుంది." సామ్రాజ్యం అడిగే ప్రశ్న ఒకటే, "ఎప్పుడు?" ఒక ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ చోటు తినేది బీరువా కాదు, 'పనికొస్తుంది' అన్న మాట.

అయితే ఆమె కూడా దొరికిపోయింది. బల్ల మీద గోడవైపు సగం నిండా ఎవరూ పట్టుకెళ్ళని జాకెట్లు గుట్టగా ఉన్నాయి, ముప్ఫై ఒకటి. ఫోన్లు చేసి పిలిచింది. వచ్చినవాళ్ళలో ఒకావిడ తన జాకెట్టుని ఎత్తి చూసి, "ఇది నేనేనా సామ్రాజ్యక్కా? ఇప్పుడైతే నా చెయ్యొక్కటే పడుతుంది," అని నవ్వుతూ పట్టుకెళ్ళింది. రానివాళ్ళవి పక్కవీధిలో కుట్టు నేర్పే బడికి ఇచ్చేశారు. పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ బద్ధకానికి మనం అద్దె కట్టామని రాఘవులు అన్నాడు. ఆమె ఖాళీ అయిన సగాన్ని తడిగుడ్డతో తుడిచింది. అంటే ఒప్పుకున్నట్టు.

ఈ గొడవ మధ్యలోనే శేషారత్నం అనే ఆవిడ కూతురి పెళ్ళి గుడ్డలు తెచ్చింది. పెళ్ళికూతురికి ఐదు జాకెట్లు, చెల్లెలికి ఒక పట్టు లంగా. శుక్రవారం పెళ్ళి, గురువారం పొద్దున్నకి కావాలి.

"ఆదివారం దిగుతున్నాం. సోమవారం బల్ల మీద కోస్తా. నాది పూచీ," అంది సామ్రాజ్యం.

ఆదివారం బల్ల కాళ్ళు విప్పి, నలుగురు మోసుకుని మెట్ల మీదుగా రెండో అంతస్తుకి ఎక్కించారు. కాళ్ళు బిగించి కిటికీ కిందికి నెట్టారు. ఒక మూల ఇవతలి గోడకి తగిలింది, ఇంకో మూల అవతలి గోడకి అడ్డంపడి ఆగింది. తిప్పి నెట్టారు. అదే గోడ, అదే ఆగడం. గదికి నిలువుగా వేస్తే తలుపు తెరుచుకోదు. చివరికి బల్లని తీసుకెళ్ళి వరండాలో పక్కకి తిప్పి నిలబెట్టారు. పాతింటి తాళాలు అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉన్నాయి.

మోసినవాళ్ళు వెళ్ళిపోయారు. సామ్రాజ్యం మిషను స్టూలు మీద కూర్చుంది. నేను ఆమె మెడలోనే ఉన్నాను.

"కావాలనే చెప్పారు కదూ," అంది.

"ఏంటీ?"

"పడుతుందని. బల్ల పట్టకపోతే పని మానేస్తానని. ఇంకెందుకీ పని అని ఏడాదిగా అంటన్నారు."

"నీ మోకాళ్ళు చూసి అన్నా. దానికీ దీనికీ ముడిపెట్టవాకు. డెబ్బై నాలుగొచ్చింది. నా కళ్ళతో చూశా."

"దేంతో కొలిచారు?"

ఆయన నా వైపు వేలు చూపించాడు. ఆమె నన్ను మెడలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఎట్టా కొలిచారో కొలవండి." ఆయన మళ్ళీ వంగి నా తెగిన చివరని గోడకి ఆనించాడు. ఆమె కళ్ళు ఆ చివర మీద నిలిచిపోయాయి.

"దానికి మొదట రెండంగుళాలు లేవు," అంది మెల్లగా.

ఆయన నన్ను కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఎప్పట్నించి?"

"ఇరవై ఏళ్ళు. రోజూ నా మెళ్ళోనే వేలాడుతోంది, కనపళ్ళేదా?"

"నువ్వైనా చెప్పొచ్చుగా."

"మీరెప్పుడన్నా అడిగారా?"

ఆ ప్రశ్నని కొలవడానికి నా అరవై చాలవు. కాసేపటికి ఎదురింటాయన తలుపు దగ్గరికి వచ్చి, "ఏమనుకోకండి, వరండాలో సామానుంటే ఇక్కడెవరూ ఒప్పుకోరండీ. రేపు మధ్యాన్నానికి తీసెయ్యాలి," అని చెప్పి వెళ్ళాడు.

సోమవారం పొద్దున్నే సామ్రాజ్యం పట్టుగుడ్డలు మడతపెట్టి సంచీలో సర్దింది. శేషారత్నానికి ఫోను చేసి, వచ్చి గుడ్డలు తీసుకెళ్ళమంది. అవతల ఏం విందో గానీ, "నాకూ బాధగానే ఉందమ్మా," అని పెట్టేసింది. తర్వాత కత్తెరని ఒక పాత జాకెట్టు ముక్కలో చుట్టింది. నన్ను కూడా చుట్టి దాని పక్కన పెట్టింది. ముప్ఫై ఏళ్ళలో పనివేళ ఆమె మెడ ఖాళీగా ఉండడం నేను చూడలేదు.

అప్పుడు వరండాలో రంపం పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. రాఘవులు ఎక్కణ్ణుంచో వీరబ్రహ్మం అనే వడ్రంగిని పట్టుకొచ్చాడు. ఇద్దరూ బల్లని తిప్పి కాళ్ళ మీద నిలబెట్టారు.

"రెండంగుళాలు లేపేస్తే సరిపోద్ది. కానియ్యి," అంటున్నాడు రాఘవులు.

"టేకు బల్లండీ. కోశాక అతకమంటే నావల్ల కాదు," అన్నాడు వీరబ్రహ్మం.

సామ్రాజ్యం నన్ను అందుకుని పరుగులాంటి నడకతో బయటికొచ్చింది, ఆపడానికి. బల్ల దగ్గరికొచ్చి తనే ఆగిపోయింది. వరండా కిటికీలోంచి వచ్చే ఎండ ఆ చెక్క మీద పడుతోంది. ఒక సగం అరిగి, నున్నగా, సుద్ద గీతలు ఇంకిపోయి, ఆమె పొట్ట ఆనే అంచు దగ్గర కాస్త గుంటపడి ఉంది. రెండో సగం చేసిన రోజునాటి పాలిష్‌తో మెరుస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె బల్ల మూడడుగులే. మిగతాది గుట్టలు మోసింది. ఆమె చెయ్యి మెరుపు వైపు వెళ్ళి, వెనక్కి వచ్చి, అరిగిన సగం మీద ఆగింది.

"రెండు తీస్తే గోడకీ గోడకీ ఇరుక్కుంటుంది. మిషను ఎక్కడ వేసుకోను?" అంది. నన్ను విప్పి బల్ల మీద పరిచింది. "ఇక్కడ. ముప్ఫై ఆరు ఉంచి కోసెయ్."

"సగానికా?" అన్నాడు రాఘవులు.

"సగానికే."

వీరబ్రహ్మం నా మీద ముప్ఫై ఆరు చూసి అక్కడ పెన్సిలు ఆనించాడు. నా ఒళ్ళు బిగుసుకుంది. గీత పడబోతుండగా రాఘవులు ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగవయ్యా. దీనికి రెండు తక్కువ. ముప్ఫై ఎనిమిది దగ్గర గీయి."

సామ్రాజ్యం ఆయన వైపు చూసింది. నా చివర పట్టుకున్న ఆమె వేళ్ళు కాస్త వదులయ్యాయి.

రంపం గంటసేపు అరిచింది. ఆ గంటలో ఆమె ఒక్కసారి కూడా కళ్ళు తిప్పుకోలేదు. కోసిన చోట రెండు కొత్త కాళ్ళు బిగించాక, మెరిసే సగాన్ని వీరబ్రహ్మమే పట్టుకెళ్ళాడు. మిగిలిన సగం కిటికీ కింద హాయిగా కూర్చుంది, పక్కన మిషను కూడా పట్టింది. గుడ్డల కోసం ఆయాసపడుతూ వచ్చిన శేషారత్నం బల్ల మీద పరిచి ఉన్న తన పట్టుని చూసి, తెచ్చిన ఖాళీ సంచీ అక్కడే పెట్టి, "గురువారం వస్తా," అని వెనక్కి తిరిగింది.

బుధవారం సాయంత్రానికి ఐదు జాకెట్లూ అయ్యాయి. లంగా మిగిలింది. జాకెట్టు గుడ్డకి మూడడుగులు చాలు, లంగా గుడ్డకి చాలదు. పట్టు బల్ల అంచు మీంచి జారి, తన బరువుకి తనే సాగి, గీతని లాగేస్తోంది. ఒక్క పోగు పక్కకి జరిగినా జరీ అంచు వంకర పోతుంది. రెండుసార్లు కత్తెర ఎత్తి, రెండుసార్లు దించింది.

రాఘవులు కుర్చీ లాక్కుని బల్ల చివర కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, జారుతున్న పట్టుని రెండు చేతుల్తో పైకెత్తి బల్ల ఎత్తుకి సమంగా పట్టుకున్నాడు.

"కదలకూడదు," అంది.

"కదలను."

"తుమ్మొస్తే?"

"ముందు చెబుతా. కొయ్యి."

కత్తెర నడవడం మొదలుపెట్టింది. నేను గుడ్డ పక్కనే ఉన్నాను. ఆయన మోచేతుల్ని పక్కటెముకలకి అదిమిపెట్టుకున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఇక్కడ కబురు అడిగి ఊపిరి వదిలించేవాళ్ళు ఎవరూ లేరు. బల్ల మూడడుగులు, ఆపైన రాఘవులు. కత్తెర చెక్క మీంచి ఆయన చేతుల మీదికి వచ్చింది, ఆఖరి అంగుళం దాటింది. గీత తిన్నగా ఉంది.

"ఇంక వదలండి," అంది సామ్రాజ్యం.

ఆయన వదల్లేదు. "ఇంకో గుడ్డేమన్నా ఉందా?" అని అడిగాడు.